గొట్టంలో నెగ్గిన పసరు

రక్తం గడ్డకట్టకుండా ఆపే గుణం ఏ ఆకులో ఉంది, ఏ గింజలో ఉంది అని వెతికే పని మన దేశంలో యాభై ఏళ్ళుగా తెంపు లేకుండా సాగుతోంది. 1973లో ఉదయపూర్ వైద్యుడు అరుణ్ బోర్డియా తన సహచరుడితో కలిసి వెల్లుల్లి మీద రాసిన చిన్న వ్యాసం ‘లాన్సెట్’లో వచ్చింది. ఆ తర్వాత ఉల్లి, అల్లం, పసుపు, చింతగింజ, అవిసె ఒక్కొక్కటే ప్రయోగశాల మెట్లెక్కాయి. కర్ణాటకలో, పావగడ తాలూకా ఉన్న తుమకూరు జిల్లాలో, 2004లో ఏర్పడ్డ తుమకూరు విశ్వవిద్యాలయపు బయోకెమిస్ట్రీ విభాగం వారు, జొన్న గింజల్లోంచి తీసిన ప్రోటీన్ సారం రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుందనీ, ప్లేట్‌లెట్లు గుమికూడకుండా అడ్డుపడుతుందనీ ప్రచురించారు. పావగడ పల్లెలకు జొన్నా రాగీ కొత్త సరుకు కాదు గనక, అలాంటి వార్త చెవిన పడ్డవాళ్ళు సహజంగానే అడుగుతారు: అయితే జొన్నరొట్టె తింటే గుండెపోటు రాదా, డాక్టరు రాసిచ్చిన మాత్ర మానేయొచ్చా? ఇప్పుడు నడుస్తున్న పరీక్షల పద్ధతికి ఈ ప్రశ్నకు జవాబు చెప్పే శక్తి లేదు. గాజు గొట్టంలో రక్తం ఎందుకు గడ్డకట్టలేదన్నది ఒక ప్రశ్న. ఆ మొక్కను తిన్న మనిషి రక్తనాళంలో గడ్డ పడకుండా ఉంటుందా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి దొరికిన జవాబును తెచ్చి రెండోదానికి అతికిస్తున్నారని నా అభియోగం.

పరీక్ష ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే సంగతి తేటపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న దాత నుంచి తీసిన రక్తం ముందే సోడియం సిట్రేట్ ద్రావణం పోసి ఉంచిన గొట్టంలోకి పోతుంది, తొమ్మిది పాళ్ళ రక్తానికి ఒక పాలు సిట్రేట్ లెక్కన. రక్తం గడ్డకట్టడానికి కాల్షియం కావాలి. సిట్రేట్ ఆ కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి రక్తం ద్రవంగానే నిలుస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన లేత పసుపురంగు ప్లాస్మా తేలుతుంది. ఆ ప్లాస్మాను 37 డిగ్రీల నీటితొట్టిలో ఉంచి, మొక్క సారం కలిపి, కాసేపాగి కాల్షియం క్లోరైడ్ వేసి స్టాప్‌వాచ్ నొక్కుతారు. గొట్టాన్ని అటూ ఇటూ వంచుతూ ఉంటే ఒక క్షణాన సన్నటి పోగు కంటపడుతుంది. అది ఫైబ్రిన్. రెండు మూడు నిమిషాల్లో కనిపించవలసిన ఆ పోగు ఆలస్యమైతే సారానికి మార్కులు పడతాయి. ఆలస్యం ఏ దారిలో జరిగిందో ప్రోత్రాంబిన్ టైమ్, ఏపీటీటీ అనే మరో రెండు పరీక్షలు చెబుతాయి. ప్లేట్‌లెట్ల కోసం వేరే యంత్రం ఉంది, గుస్తావ్ బోర్న్ 1962లో ప్రకటించిన పద్ధతి మీద నడిచేది. ప్లేట్‌లెట్లు విడివిడిగా తేలుతున్నంతసేపూ ప్లాస్మా మబ్బుగా ఉంటుంది. వాటిని రెచ్చగొట్టే ఏడీపీ అనే పదార్థం కలపగానే అవి ముద్దలు కడతాయి, మబ్బు విడిపోయి వెలుతురు అటువైపుకు దాటుతుంది. దాటిన వెలుతురే కొలత. చివరికి చిట్టెలుక తోక కొస కోసి, రక్తం ఎంతసేపు కారిందో చూస్తారు.

మొదటి చిక్కు ఆ సిట్రేట్‌ దగ్గరే ఉంది. నిమ్మపండు పులుపూ ఆ సిట్రిక్ ఆమ్లానిదే. గొట్టంలో తగినంత నిమ్మరసం పిండితే ప్లాస్మా గడ్డకట్టదు, ఈ పరీక్షలో నిమ్మకాయ ఘనంగా నెగ్గుతుంది. ఎండాకాలమంతా నిమ్మకాయ నీళ్ళు తాగేవాళ్ళకు మాత్రం గీసుకుపోయిన చేతి నుంచి కారే రక్తం ఎప్పటిలాగే ఆగిపోతుంది, ఎందుకంటే రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో ఒళ్ళు తానే సరిచూసుకుంటుంది. గింజల్లో ఫైటేట్ ఉంటుంది, చాలా ఆకుల్లో ఆక్సలేట్ ఉంటుంది. రెండూ కాల్షియాన్ని పట్టేవే. ఇక టానిన్ల సంగతి. కరక్కాయ, తుమ్మచెక్క, తంగేడు చెక్క తోళ్ళు ఊనడానికి తరతరాలుగా వాడినవి. ఎదురైన ప్రోటీన్‌నల్లా అవి పట్టుకుంటాయి. రక్తం గడ్డకట్టే వరుసలో పనిచేసేవన్నీ దాదాపు ప్రోటీన్లే కాబట్టి, టానిన్ ఎక్కువున్న ఏ కషాయం పోసినా పోగు ఆలస్యమవుతుంది. అందులో మందు గుణం వెతకడం దండగ. రంగు మరో తంటా: వెలుతురును కొలిచే యంత్రంలో ముదురు గోధుమరంగు సారం పోస్తే కొలత దారితప్పుతుంది. వీటికి విరుగుళ్ళు ఉన్నాయి, ఖరీదైనవి కూడా కావు. కాల్షియం రెట్టింపు వేసి మళ్ళీ చూడటం, టానిన్లను విడదీసి మళ్ళీ చూడటం, ఏ గుణమూ ఆశించని మరో గింజ సారాన్ని పక్కన పెట్టి పోల్చడం. ఈ మూడూ చేసి చూపించిన వ్యాసానికి నేను సగం సంశయం వదులుకుంటాను. చేయనివాటికి పేరులో ఎంత గంభీరమైన మాట ఉన్నా నమ్మను.

గొట్టం లేనిదాన్ని ఉందనడం ఒక ఎత్తు. ఉన్నదాన్ని లేదనడం అంతకంటే పెద్ద చిక్కు. ఈనాడు రక్తం పలచబరచడానికి మన ఆసుపత్రుల్లో రాసే మాత్రల్లో వార్ఫరిన్, దాని తోబుట్టువు అసిట్రోమ్, గుండెనాళాల్లో స్టెంట్ వేసినవాళ్ళకు ఇచ్చే క్లోపిడోగ్రెల్ ముఖ్యమైనవి. ఈ మూడింటినీ తెచ్చి పైన చెప్పిన గొట్టం పరీక్షలకు పెడితే మూడూ తప్పుతాయి. వార్ఫరిన్, అసిట్రోమ్ ప్లాస్మాను ముట్టవు. కాలేయంలో విటమిన్ కె మళ్ళీ మళ్ళీ వాడుకలోకి రాకుండా అడ్డుపడతాయి, దాంతో గడ్డకట్టించే ప్రోటీన్లు సగం తయారీలోనే ఆగిపోతాయి, ఆ ఫలితం రక్తంలో కనిపించడానికి రెండు మూడు రోజులు పడుతుంది. క్లోపిడోగ్రెల్ కాలేయంలో మారితే తప్ప ప్లేట్‌లెట్లను ఏమీ చేయదు. లక్షలమంది ప్రాణాలు నిలబెట్టిన మందును గుర్తుపట్టలేని పరీక్షను, కొత్త మందును పట్టుకునే వలగా ఎలా వాడతాం?

వార్ఫరిన్ కథ చాలామంది చెబుతారు, మొక్కల్లోంచి మందులు వస్తాయనడానికి రుజువుగా. శ్రద్ధగా చదివితే అది చెప్పేది వేరు. 1920లలో కెనడా, అమెరికా ఉత్తర భాగపు పల్లెల్లో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు చిన్న గాయానికే రక్తం కారి చచ్చిపోయేవి. ఫ్రాంక్ షోఫీల్డ్ అనే పశువైద్యుడు దోషం బూజుగడ్డిదేనని తేల్చాడు. 1933 ఫిబ్రవరిలో, మంచు తుఫానులో, ఎడ్ కార్ల్‌సన్ అనే విస్కాన్సిన్ రైతు చచ్చిన పెయ్యనూ, గడ్డకట్టని రక్తం నింపిన పాలక్యానునూ, ఆ గడ్డినీ బండిలో వేసుకుని మాడిసన్‌లోని కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలకు వచ్చాడు. ఆ గడ్డిలోంచి అసలు పదార్థాన్ని విడదీయడానికి లింక్ బృందానికి ఆరేళ్ళు పట్టింది. 1939లో దొరికిన ఆ స్ఫటికాలే డైకుమరాల్. దాని వంశంలోదైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అంగడికెక్కి, 1954లో మనుషులకు అనుమతి పొందింది. ఇందులో గమనించాల్సినవి రెండున్నాయి. ఆరోగ్యంగా ఉన్న క్లోవర్‌లో ఈ మందు లేదు. అందులో ఉన్న కుమరిన్ అనే వాసన పదార్థానికి రక్తం గడ్డకట్టడాన్ని ఆపే శక్తి లేదు, బూజు దాన్ని మార్చాకే డైకుమరాల్ పుట్టింది. రెండోది వరస. మొదట రక్తం కారిన పశువు, ఆ తర్వాత మేత, ఆ తర్వాత కుందేళ్ళకు తినిపించి చూడటం, అన్నిటికీ చివర రసాయనం. మన దగ్గర నడుస్తున్న పని దీనికి తలకిందులు: చేతికందిన గింజతో మొదలై గొట్టం దగ్గర ఆగిపోతోంది. ఆస్పిరిన్ సంగతీ ఇంతే. విల్లో బెరడులోని సాలిసిలేట్ నొప్పి తగ్గిస్తుంది కానీ ప్లేట్‌లెట్‌ను దాని బతుకంతా చేతకానిదాన్ని చేసే పని 1897లో హాఫ్‌మన్ అనే రసాయనవేత్త ప్రయోగశాలలో తగిలించిన అసిటైల్ ముక్కది. ఆ గుణం బయటపడింది కూడా రోగుల్లోనే: లారెన్స్ క్రావెన్ అనే కాలిఫోర్నియా వైద్యుడు, టాన్సిల్స్ కోసిన తర్వాత ఆస్పిరిన్ కలిపిన చూయింగ్‌గమ్ నమిలినవాళ్ళకు రక్తం ఎక్కువ కారడం చూసి అనుమానపడ్డాడు. 1988లో 17,187 మంది గుండెపోటు రోగులతో జరిగిన ఐసిస్-2 పరీక్ష దాకా ఆ అనుమానం పూర్తిగా నిలబడలేదు.

మోతాదు లెక్క వేసి చూస్తే ఇంకో తలుపు మూసుకుంటుంది. పెద్ద మనిషి ఒంట్లో ప్లాస్మా సుమారు మూడు లీటర్లు. గొట్టంలో మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల దగ్గర పనిచేసిన పదార్థం ఒంట్లోనూ అలాగే పనిచేయాలంటే 300 మిల్లీగ్రాములు ఒక్కసారిగా రక్తంలో చేరి, చెక్కుచెదరకుండా అక్కడే ఉండాలి. కడుపులోకి పోయినది అలా ఉండదు. పసుపులోని కర్‌క్యుమిన్ విషయంలో దీన్ని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వారే 1998లో చూపించారు: రెండు గ్రాములు మింగినా రక్తంలో ఆనవాలు దొరకడమే గగనమైంది. మిరియాలలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు తోడిచ్చినప్పుడు శోషణ ఇరవై రెట్లు పెరిగింది. అలా పెంచే పైపరిన్ పక్కన వేసుకునే వేరే మందుల మోతాదునూ పెంచగలదన్నది మరిచిపోకూడదు. ప్రోటీన్ సారాల పరిస్థితి మరీ కష్టం. జొన్న ప్రోటీన్ కడుపులో దిగగానే పప్పులోని ప్రోటీన్‌లాగే ముక్కలవుతుంది. చిన్న పెప్టైడ్ ముక్కలు కొన్ని అరగకుండా పేగు దాటవచ్చనే వాదన ఉంది, కొట్టిపారేయదగ్గది కాదు, కానీ దాన్ని నిరూపించాలంటే జొన్న తిన్నవాళ్ళ రక్తంలో ఆ ముక్కలను చూపించాలి. వెల్లుల్లి ఈ మొత్తం చర్చకు మంచి ఉదాహరణ. దానిలోంచి 1984లో వేరుచేసిన అజోయిన్ గొట్టంలో ప్లేట్‌లెట్లను గట్టిగా ఆపుతుంది. వెల్లుల్లి విపరీతంగా తిన్న ఒక 87 ఏళ్ళ వృద్ధుడికి వెన్నెముక దగ్గర రక్తం చేరిందని 1990లో ఒక నివేదిక వచ్చింది. అయితే 2007లో వియన్నా వైద్యులు 18 మంది ఆరోగ్యవంతులకు భోజనంలో తినేంత వెల్లుల్లి పెట్టి చూస్తే ప్లేట్‌లెట్ల పనిలో తేడా రాలేదు. మూడూ నిజాలే. మూడూ మూడు వేర్వేరు మోతాదుల సంగతులు.

ఇక్కడ సంప్రదాయం తరఫున ఒక అభ్యంతరం వస్తుంది, రావలసిందే. వందల ఏళ్ళుగా మన వైద్యులు మనుషులకిచ్చి చూసిన మూలికలకు గొట్టం తీర్పు దేనికి అంటారు. ఈ వాదనకు బలమున్న చోటు ఉంది. కోసుకున్న వేలికి గడ్డిచామంతి ఆకు పసరు పిండితే రక్తం ఆగుతుందా లేదా అన్నది కళ్ళెదుట తేలే విషయం. కొన్ని నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది, పనికిరాని ఆకు వాడుకలోంచి జారిపోతుంది. అందుకే రక్తం ఆపే ఆకుల గురించి పల్లె అనుభవాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ కాలిపిక్కలో లోపల పడే గడ్డను, గుండె నాళంలో పడే గడ్డను బయటినుంచి ఎవరూ చూడలేరు. కాలి గడ్డలు ఊడి ఊపిరితిత్తులకు చేరతాయని విర్కో అనే వైద్యుడు తేల్చింది పందొమ్మిదో శతాబ్దపు నడుమ. గుండెనాళంలో పడిన గడ్డకూ గుండెపోటుకూ ఉన్న చుట్టరికాన్ని జేమ్స్ హెరిక్ వైద్యలోకం ముందు పెట్టింది 1912లో. ఉందని తెలియని జబ్బు రాకుండా ఏ మూలిక ఆపిందో అనుభవంతో తేల్చడం ఎంతటి వైద్యుడికైనా కుదరని పని. గడ్డలు పడకుండా చూడటమంటే వెయ్యిమందిలో ఈ ఏడాది రావలసిన ఇరవై పోట్లు పదిహేనుకు తగ్గడం లాంటిది. అది లెక్కలో తప్ప కంటికి ఆనదు.

గొట్టం పూర్తిగా పనికిరానిదని మాత్రం అనలేను. పాము విషం దగ్గర అది నిజాయితీగా పనిచేస్తుంది. పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చువేసిన పాముల పుస్తకంలో ‘కాటుక రేకుల పొడ’ అని తెలుగు పేరుతోనే నమోదు చేసిన రక్తపింజర, మన మెట్టచేలల్లో శెనక్కాయల కాలంలో తగిలే పాము. దాని విషం నేరుగా రక్తంలోకే దిగి, గడ్డకట్టే ప్రోటీన్లను ఒక్కసారిగా రగిలించి ఖర్చుచేసేస్తుంది. అందుకే చిన్న ఆసుపత్రిలో కూడా డాక్టరు పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, ఒకసారి వంచి చూస్తాడు. అప్పటికీ నీళ్ళలా జారితే విరుగుడు ఇంజెక్షన్ మొదలుపెడతాడు. గొట్టంలో కనిపించిందే ఒంట్లో జరుగుతున్నది. మైసూరు విశ్వవిద్యాలయం వారు 2006లో చింతగింజ సారం రక్తపింజర విషపు ఎంజైములను అణచుతుందని ప్రచురించినప్పుడు, ప్రశ్నకూ పరీక్షకూ పొత్తు బాగా కుదిరింది. అక్కడా ఒక మెలిక లేకపోలేదు. ఇలాంటి ప్రయోగాల్లో చాలాసార్లు విషాన్నీ సారాన్నీ ముందే కలిపి నానబెట్టి చూస్తారు. చేలో కాటు పడ్డవాడికి విషం ముందు ఎక్కుతుంది, చింతగింజ తర్వాత వస్తుంది, అదీ నోటి గుండా.

జిల్లా విశ్వవిద్యాలయాల తరఫున చెప్పవలసిన మాట ఒకటుంది. వేలమందితో ఏళ్ళ తరబడి పరీక్షలు నడిపే డబ్బు వాటికి ఎక్కడిది, ఉన్న వనరులతో తొలిమెట్టు వేస్తున్నాయి, పిల్లలకు చేతిపని నేర్పుతున్నాయి అంటారు. ఒప్పుకుంటాను. తుమకూరులో ఆ పని చేసినవాళ్ళు జొన్న గుండెపోటును ఆపుతుందని ప్రకటించారని నేననడం లేదు. అలాంటి మాటలు వ్యాసం నుంచి ఫోన్లలోకి చేరే దారిలో పుడతాయి. నా అభ్యంతరం మెట్టు గురించి కాదు, ఆ మెట్టు వేరే ఇంటిదన్న విషయం గురించి. అవే చేతులతో, అదే ఖర్చుతో, ఈ ప్రాంతపు మనిషికి పనికొచ్చే ప్రశ్న ఇంకోటి ఉంది.

ఆ ప్రశ్న అసిట్రోమ్ మింగేవాళ్ళది. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలై గుండె కవాటాలను పాడుచేసే రుమాటిక్ గుండెజబ్బు పేద ఊళ్ళ జబ్బు. 1991లో పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రాంలో సత్యసాయి ఆసుపత్రి తెరిచినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల రెండు రాష్ట్రాల పేదలకు కవాటం మార్పిడి డబ్బు లేకుండా అందుబాటులోకి వచ్చింది, బెంగళూరు జయదేవ హృద్రోగ సంస్థ సరేసరి. లోహపు కవాటం పెట్టించుకున్నవాళ్ళు బతికున్నన్నాళ్ళూ అసిట్రోమ్‌లాంటి మాత్ర వేసుకోవాలి, నెలకో రెండు నెలలకో రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుని అది డాక్టరు చెప్పిన హద్దుల్లో, చాలామందికి 2కూ 3.5కూ మధ్య, ఉండేలా చూసుకోవాలి. తగ్గితే కవాటం మీద గడ్డ, పెరిగితే లోపల రక్తస్రావం. పరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలు వచ్చాయి కదా అనేవాళ్ళకు రెండు ఫలితాలు గుర్తుచేయాలి: లోహపు కవాటాలున్నవాళ్ళకు డాబిగాట్రాన్ ఇచ్చిన పరీక్షను హాని కనబడి ఆపేసిన సంగతి 2013లో బయటికొచ్చింది. రుమాటిక్ గుండెజబ్బుతో గుండె లయ తప్పిన నాలుగున్నర వేలమందికి పైగా రోగులతో భారతదేశమూ పాలుపంచుకున్న ఇన్‌విక్టస్ పరీక్షలో, 2022లో, పాత మాత్రల వైపే తక్కువ చావులు తేలాయి. కాబట్టి పావగడ పల్లెల్లోని ఈ రోగులకు బూజుగడ్డి వంశపు మందే ఇంకా దిక్కు.

ఆ మందుకు ఎదురుపడే విటమిన్ కె ఆకుకూరల్లో ఉంటుంది. వంద గ్రాముల తోటకూరలో, మునగాకులో వందల మైక్రోగ్రాములు ఉంటాయి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన 528 ఆహార పదార్థాల పట్టికల్లో దీని లెక్కలు దొరుకుతాయి. ఆకుకూరలు తినొద్దని రోగికి చెప్పడం సులువైన సలహా, మంచిది కాదు. ఎంత తిన్నా రోజూ ఒకే తీరున తింటే మాత్ర మోతాదును దానికి సర్దవచ్చు. ఆటుపోట్లే ప్రమాదం. పావగడ నేల ఆటుపోట్ల నేల. వానలు పడ్డ రెండు మూడు నెలలూ గట్ల మీద దొరికిన ఆకల్లా సంగటిలోకి కూరవుతుంది, ఎండలు ముదిరాక శెనక్కాయల చట్నీ, చింతపండు పులుసు మిగులుతాయి. దానికితోడు కాళ్ళ నొప్పులకో, మధుమేహానికో ఎవరో చెప్పిన కషాయం. ఈ మార్పులకు ఐఎన్‌ఆర్ ఎటు కదులుతోంది, ఎంత కదులుతోంది, ఏ కషాయం దాన్ని హద్దు దాటిస్తోంది? మొక్కల సారాన్ని రక్తం మీద పరీక్షించడమంటే ఇదీ అదే. గొట్టం బదులు మనిషి ఉంటాడు, పరిశోధకుడు పోసేదాని బదులు అతను తిన్నది ఉంటుంది. సరంజామా కూడా కొత్తది కొననక్కర్లేదు. ఐఎన్‌ఆర్ అనేది ప్రోత్రాంబిన్ టైమ్‌నే మరో లెక్కలో చెప్పే అంకె. జొన్న సారానికి ప్రోత్రాంబిన్ టైమ్ చూడటానికి వాడిన థ్రాంబోప్లాస్టిన్ సీసా, ప్రామాణికమైనదైతే, దీనికీ సరిపోతుంది. కావలసినవి నైతిక సంఘం అనుమతి, రోగుల సమ్మతి, ఒక వైద్యుడి తోడు, వాన కాలంలోనూ ఎండ కాలంలోనూ నెలనెలా వెళ్ళి రక్తం తీసి, వారం రోజుల తిండి రాసుకుని వచ్చే ఇద్దరు విద్యార్థులు. తుమకూరు నుంచి పావగడకు బస్సు నూరు కిలోమీటర్ల దాకా నడవాలి. తీసిన రక్తాన్ని అదే రోజు తిరిగి ప్రయోగశాలకు చేర్చాలి గనక, పరీక్షల తేదీలు బస్సు వేళలను చూసే వేసుకోవలసి వస్తుంది.